కింది రేకులు పీకని పువ్వు

అలా కిటికీ వైపే చూడకురా తమ్ముడూ. చూసి చూసి ఆ తేనెటీగని వెనక్కి రప్పిస్తావా ఏంటి?

తప్పు నాదేనంటావు. మాట పడిపోయిందన్న పేరేగానీ, నీ కళ్ళు ఊరుకుంటాయా? మరి పొద్దున కుండీ తెచ్చి ఈ కిటికీలో పెట్టి "ఐరిస్ విచ్చుకుంటోంది, రేకులు పీకెయ్యనా, ఒక్కసారి చూస్తావా" అంటే, చూస్తానని రెప్ప వేసిందెవరు?

ఇన్నేళ్ళూ మొగ్గ విచ్చేలోపే కింది రేకులు పీకేసేవాడివి. తేనెటీగ వాలడానికి చోటుంటే ఎక్కడి పుప్పొడో తెచ్చి అంటించేస్తుందక్కా, అనేవాడివి. నీ పొడుగు పసుపు ఐరిస్‌ని నువ్వే ఒక్కనాడూ నిండుగా చూసుకోలేదు. ఈసారీ పీకడానికి నాకు మనసొప్పలేదురా, అంతే.

పొడుగు కాడకి నల్లపువ్వు పూయించాలని నీ పిచ్చి. నీ రెండో ఐరిస్, ఆ నల్ల పొట్టిదేమో, చలి పోకముందే పూసి వాడిపోతుంది. ఇదేమో ఎండలు ముదిరితేగానీ కన్ను తెరవదు. రెండిటికీ ముహూర్తం కుదరదని పొడుగుదానికి అద్దడానికి పొట్టిదాని పుప్పొడి డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో నా గుడ్ల పక్కన దాచేవాడివి. ఎన్ని తిట్లు తిట్టానో.

ఈసారి పొట్టిది దుంప కుళ్ళి పోయింది. డబ్బాలో ఉన్న చిటికెడే దాని ఆఖరి పుప్పొడి. పొడుగుదానికేమో నత్తలు తినగా మిగిలింది ఒక్క మొగ్గ.

ఆ డబ్బా కోసమే వంటింట్లోకి వెళ్ళాను. మూత బిగుసుకుపోయిందిరా. కొంగుతో పట్టి తిప్పి, తెచ్చేసరికి... ఈగ తల పువ్వులో ఉంది, వెనక భాగమే బయటికి కనిపిస్తోంది. నువ్వు చూస్తూనే ఉన్నావు. అంతకుముందు నీ గొంతులో ఏదో గురగుర వినిపించింది కూడా. దగ్గనుకున్నాను.

తర్వాత ఉన్న పొడంతా అద్దాను. ఏం లాభం? కాయ కడుతుంది, కట్టక ఏం చేస్తుంది. లోపలి గింజ నీ నల్లదాని బిడ్డో, పక్కింటి ఐరిస్ బిడ్డో, మొలిచి పూస్తేగానీ తెలీదు. అందుకు మూడేళ్ళు కావాలి. డాక్టరుగారేమో వానల దాకా కూడా మాట ఇవ్వలేదు. నీకూ తెలుసులే, దాచడమెందుకు.

ఏడవకు. ఉండు, తుడుస్తాను. చేతికింకా ఆ పొడే ఉంది.

సరే, ఒక్కటి చెప్పు. పువ్వు బాగుందా?

వేశావా రెప్ప? పోనీలే.

మూడేళ్ళకి ఏది పూసినా, నల్లదే పూసిందని అందరికీ చెప్తాను. కాదనడానికి నువ్వెలాగూ ఉండవుగా.