మడి మారిన దుంపలు

దుంప భూమిలో పడ్డాక ముందు ఏం చేస్తుందో చెప్పండి చూద్దాం. పూస్తుందా? కాదురా సత్తిబాబూ, ముందు వేరు పట్టుకుంటుంది. అది పట్టుకోకుండా పువ్వెక్కణ్ణుంచి తెస్తుంది? ఈ మాట పైడితల్లికి ఎవరూ చెప్పలేదనుకో. పైడితల్లి అంటే అప్పాయమ్మ పెద్దకోడలు. అప్పాయమ్మ సంతలో పూలమ్మేది. ఎవరొచ్చినా ముందు ఆవిడ పీట దగ్గరే ఆగాలి, అలాంటి చోటు. మోకాళ్ళు పట్టేసి ఇక కూర్చోలేక ఇద్దరు కోడళ్ళనీ పిలిచి, గంపలో నేలసంపెంగ దుంపలు చెరిసగం పంచి, చెరో మడీ వేసుకోండే, ఎవరి మడి ముందు పూస్తే వాళ్ళదే నా పీట అందంట.

నాటారు, నీళ్ళు పోశారు, మొలకలొచ్చాయి. ఏమైందంటే, పైడితల్లి తన మడి మానేసి చిన్నకోడలు నూకాలు మడే చూస్తుంది. చూసేకొద్దీ అవే ఏపుగా కనబడతాయి. లావుపాటి దుంపలన్నీ అత్త దానికే పెట్టిందని కడుపులో ఒకటే మంట, కూడు సయించదు. నూకాలు రేవుకి బట్టలుతకడానికి వెళ్ళిన పూట దుంపలు తవ్వే బొరిగె పట్టుకెళ్ళి దాని దుంపలు తన మడిలోకి, తనవి దాని మడిలోకి మార్చేసిందంట. మార్చి, చేతులు కడుక్కుని తిరిగి చూస్తే, ఇప్పుడూ నూకాలు మడే బాగుంది. మరి నూకాలేమైనా తక్కువ తిందా? దాని కళ్ళకి అక్క మడే పచ్చగా ఉంది. పెద్దకోడలని ఏరి ఏరి పెట్టుంటాది ముసిల్ది అనుకుని, పైడితల్లి గడ్డికి వెళ్ళగానే అదీ బొరిగె తీసింది. అటువి ఇటు, ఇటువి అటు. మళ్ళీ పెద్దది, మళ్ళీ చిన్నది. పక్కదానివి ఎత్తుకొస్తున్నామనుకుంటూ ఒక్కోసారి తమవి తామే దొంగిలించుకున్నారు పాపం. వేరు పట్టేలోపే దుంపకి ప్రయాణం. మొలకలు పసుపెక్కి వాలిపోయాయి. పూలకాలం వెళ్ళిపోతోంది, రెండు మళ్ళలోనూ ఒక్క కాడ లేదు.

ఒక మధ్యాహ్నం చిన్నది రేవుకని, పెద్దది గడ్డికని చెప్పి బయల్దేరి, చెరో దారినా వెనక్కొచ్చి గట్టు మీద ఎదురుపడ్డారంట. ఇద్దరి చేతుల్లోనూ బొరిగెలు. "రేవుకెళ్ళలేదేటే?" అంది పెద్దది. "గడ్డి దొరకలేదేటి అక్కా?" అంది చిన్నది. "నా మడి కాడ నీకేటి పని?" "మడి నీదే, అందులో ఉన్నయి నావి." "నీవని నీకెలా తెలుసే?" "నిన్న మార్చింది నేనే కదా" అనేసింది నూకాలు. పైడితల్లికి ఒళ్ళు మండిపోయి, "అయితే మొన్న నేను పడ్డ చాకిరీ అంతా నాశనం చేశావన్నమాట" అంది. అప్పాయమ్మ అరుగు మీద నుంచి అంతా వింది. కర్ర పోటేసుకుంటూ వచ్చి, దుంపలన్నీ ఇద్దరిచేతా తవ్వించి ఒకే కుప్ప పోయించి, "ఎవరివి వాళ్ళు ఏరుకోండే" అందంట. ఏవని ఏరతారు? పై ఏడు అవన్నీ ఒకటే మడిలో వేయించింది. మార్చడానికి పక్క మడి లేదు కదా, దుంపలు కుదురుకున్నాయి. మడంతా గుత్తులు గుత్తులుగా పూసింది, ముందు పూసింది ఎవరిదో తేలలేదు.

అందుకని పీట మీద ఇద్దరూ చెరో కొసా కూర్చుంటారంట. అసూయ పోయిందా అంటే పోలేదర్రా. అది మూర పెద్దది వేసి బేరాలు లాక్కుంటోందని ఇది, ఇది నవ్వి లాక్కుంటోందని అది. కొనేవాళ్ళకి మాత్రం ఆ సంతలో అంత పొడుగు మూర ఇంకెక్కడా దొరకదు. సరే, లెండి, చింతపండు గింజలు సగం తీసి వదిలేశాను, చీమలు పట్టకముందే మిగతావి తీసెయ్యాలి.