ఎర్రకోటులో పన్నెండోవాడు

తొమ్మిదేండ్లు బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసి, పాత బ్యాండులో మళ్ళీ క్లారినెట్ ఊదాలన్న ఒక్క ఆశతో పర్శరాములు మెట్‌పల్లికి తిరిగొచ్చాడు. బ్యాండు పెద్ద బుచ్చిరాములు ఇంట్లో, మగ్గం పక్కన కూర్చుని, గంటసేపటి నుంచి అదే ముక్క అడుగుతున్నాడు.

“బ్యాండు కోటు సంగతి ఇడిసిపెట్టన్నా. పట్టకుంటే నా పెండ్లాం భూమవ్వ కుట్లు ఇప్పి మళ్ళ కుడుతది. నన్ను తీసుకుంటవా, తీసుకోవా?”

“చాయ సల్లారుతుంది, తాగు.”

“తాగిన. ఎల్లుండి పెండ్లికి తీసుకుంటవా?”

“అన్ని కొత్త పాటలురా ఇప్పుడు. సినిమ పాటలు. మనప్పటియి ఎవలు అడుగుతలేరు.”

“రెండు దినాలల్ల నేర్సుకుంట. నాకు నేర్పిందే నువ్వు గద. పొద్దంత మగ్గం తొక్కి, కాళ్ళు గుంజుతున్నా గూడ వచ్చి ఊదెటోళ్ళం. శౌకుకు ఊదినోళ్ళం. ఒకలు పిలిస్తే ఊదినమా, ఒకలు మెచ్చుకోవాలని ఊదినమా?”

“గప్పటి సంగతి వేరే. పెండ్లాం పిల్లలు మంచిగున్నరా?”

“మంచిగున్నరు. మాట మార్సకు.”

“మార్సుతలేను. గా డోలు కొట్టే అంతయ్య యాదికున్నడా? బీమండి పోయిండు. పోశం పోయిండు. ఆడ మిల్లులల్ల పనున్నదని ఒకలెనుక ఒకలు పోయిన్రు.”

“మరి మనుషులు తక్కువున్నరు గద! నేనేమో వచ్చి నీ ముంగట కూసున్న, నువ్వేమో చాయ అంటవు, కోటు అంటవు, బీమండి అంటవు.”

“సరే. గా క్లారినెట్ అందుకో. ఊదు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే.”

“ముందు నువ్వు అందుకో అన్నా, నీ ఎనుక నేను పట్టుకుంట. మనకు గదే అలవాటు.”

“నువ్వు ఊదు. నేను ఇంట.”

“ఇగో... ఆగు. జర ఆగు.”

“ఏమాయె?”

“దగ్గు. చాయ గొంతుకు అడ్డం పడ్డది. ఇగో, మళ్ళ ఊదుతున్న.”

“మెల్లగ.”

“ఆగన్నా... మూతికాడి రీడు ఎండిపోయినట్టున్నది.”

“రీడు కొత్తది పర్శరాములు. మొన్ననే నిజామాబాద్ నుంచి తెప్పిచ్చిన.”

“ఇంకొక్కసారి.”

“వద్దు.”

“ఒక్కసారన్నా!”

“వద్దురా, మొకం నల్లగైతుంది. రెండు సురాలు దాటలే, ఆయాసం జూడు. ఎన్నాళ్ళ సంది గిట్ల?”

“ఏది?”

“గా దగ్గు.”

“ఏమో. రెండు చలికాలాలు. బాయిల అందరు దగ్గుతరు, బొగ్గు దుమ్ము గద. పై గాలి తాకితె తగ్గుతదని అన్నరు. అందుకే నౌకరి ఇడిసిపెట్టి వచ్చిన.”

“డాక్టర్ అన్నడా?”

“భూమవ్వ అన్నది.”

“మళ్ళ పోతే తీసుకోరా?”

“తీసుకోరు. తీసుకున్నా పోను. బాయిలకు దిగుడు మొదలుపెడితే సగం కాడనే కూసుంటున్న. ఇగ నాకు ఉన్నదల్ల ఇదొక్కటేనన్నా.”

“నీళ్ళు తాగు... ఎల్లుండి రా. కోటేసుకొని రా.”

“నిజంగ? నిజంగనే అంటున్నవా?”

“పూర్తిగ ఇను. పెండ్లోళ్ళు పన్నెండు మంది కావాలన్నరు. ఎర్రకోట్లు పన్నెండు కనవడాలె, గదీ ఆళ్ళ షాన్. నా తాన పనిమంతులు ఏడుగురే. కడమోళ్ళు కోటేసుకొని, బాజాలు పట్టుకొని, ఉత్తగ నడుస్తరు.”

“ఉత్తగ అంటే?”

“నోట్ల పెట్టుకుంటరు. ఊదరు. అన్ని బ్యాండులల్ల గట్లనే నడుస్తుంది ఇప్పుడు.”

“నన్నా అన్నా? గా ఉత్తోళ్ళల్ల నన్ను నిలవెడుతవా?”

“కోపం చేయకు.”

“గా పనికి నేనెందుకు? నాగలి పట్టేటోన్ని ఎవన్నన్న తెచ్చుకో. కోటు తొడిగితే వాడు సుత నడుస్తడు.”

“తెచ్చుకున్న. కోరుట్ల పెండ్లిల హనుమండ్లును నిలవెట్టిన. పాట అయిపోయింది, డోళ్ళు ఆగినయి, వాడు ఇంక బుగ్గలు ఉబ్బిచ్చుకొనే ఉన్నడు! పాట నడిసినంతసేపు ఏలు ఒక్కటి కదల్లే. పెండ్లిపిల్ల మేనమామ చూసి వాడకట్టంత ఇనేటట్టు నవ్విండు. ఇజ్జత్ పోయింది. నీకైతే ఎరుక. ఏ సురానికి ఏ బెజ్జం మూయాల్నో ఎరుక. నీ ఏళ్ళు ఆడుతుంటే ఎవలు అనుమానపడరు.”

“నా ఏళ్ళ కోసం పిలుస్తున్నవు.”

“గంతేరా. నేను ఇయ్యగలిగింది గంతే.”

“భూమవ్వకు ఏం చెప్పాలె? లగ్గమైన సంది దానికి ఒక్కటే చెప్పుకుంటొచ్చిన. నేను బొగ్గు మనిషిని కాదే, మా మెట్‌పల్లిల నేను క్లారినెట్ మనిషినే అని. ఎన్నడన్న ఇన్నదా? ఇనలే. అది ఇన్నదల్ల నా దగ్గే. ఎల్లుండి పిల్లలను తోలుకొని పెండ్లి కాడికి వస్తనన్నది.”

“రానీ. దూరం నుంచి చూస్తది. పాట ఇనవడుతది, నీ ఏళ్ళు ఆడుతుంటయి. నువ్వే ఊదుతున్నవనుకుంటది. సంబరపడుతది.”

“నాకు తెలుస్తది గదన్నా!”

“మెల్లగరా, మళ్ళ దగ్గొస్తది.”

“రానీ! చెప్పుడు అల్కగనే చెప్తవు. ముందు వరుసల, నలుగురు చూస్తుంటే, పాటంత కడుపుల పెట్టుకొని, ఊదకుంట నిలవడుడు ఎట్లుంటదో నీకేమెరుక?”

“నాకెరుకరా. గుండెల నొప్పొచ్చిన కాడికెల్లి, మూడేండ్లాయె, ముందట నిలవడుతున్న గని నేను ఊదుతలేను.”