ష్రామెక్ గారు ఆగిన ఆదివారం

రావే రెజీ, కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు కిటికీ దగ్గరకి రా. గసగసాల కేకు ఉంది, తిను. తినబుద్ధి కావట్లేదా? రేపు నీకు ఆర్కెస్ట్రాలో ఎంపిక పరీక్ష ఉంటే కేకేం పాపం చేసింది? సరే, చెప్పు. ఆ పెట్టె ఏంటి, మీ తాత కొమ్ముబూరేగా? నా దగ్గర పెట్టి వెళ్దామని తెచ్చావా? ఆఁ, మరి రేపు దేని మీద వాయిస్తావ్? మీ మాస్టారిచ్చిన ఆ జర్మనీ కొమ్ము మీదా? ఊఁ. ఎందుకటా? గిక్సర్ పడుతుందని భయమా! ఓసి పిచ్చిదానా, వియన్నా కొమ్మన్నాక గిక్సర్ పడుతుంది. స్వరం పట్టు తప్పి, కోడిపుంజు పీక నొక్కినట్టు కీచుమంటుంది. నాకు చెప్తావేంటి, మీ తాత పోల్డీ పక్కన కూర్చుని ఇన్నేళ్ళు రెండో కొమ్ము వాయించినవాణ్ణి! మన కొమ్ము గొట్టం పొడుగు. పైకి పోయేకొద్దీ స్వరాలు ట్రామ్‌లో జనంలా ఒకళ్ళనొకళ్ళు రాసుకుంటూ కూర్చుంటాయి. పెదవి వెంట్రుకవాసి జరిగిందా, పక్కవాడి ఒళ్ళో పడతావ్. ఆ కొత్తదాంట్లో ఆ బాధ తక్కువ, నిజమే. నిన్ను వద్దనను, తీసుకెళ్తే తీసుకెళ్ళు. కానీ ష్రామెక్ గారి సంగతి విని మరీ తీసుకెళ్ళు. మీ అమ్మ చెప్పలేదూ? దానికేం తెలుసులే, అప్పటికింకా పుట్టలేదు.

ఒట్మార్ ష్రామెక్ గారని, మా ఫ్లోరిడ్స్‌డోర్ఫ్ ఆర్కెస్ట్రాని ఆయనే నడిపించేవారు. పొట్టి మనిషి. వాళ్ళ నాన్నకి ఫావొరిటెన్ పేటలో రొట్టెల దుకాణం. ఎండాకాలంలో కూడా బూట్లకి రబ్బరు తొడుగులేసుకుని వచ్చేవారు. అదేంటండీ అంటే "డాన్యూబ్ ఎప్పుడు పొంగుతుందో నీకు చెప్పి పొంగుతుందా?" అనేవారు. చేతిలో కర్ర పెన్సిలంత. ఆ కర్రని ఆయన ఊపడం చూస్తే కాఫీలో చక్కెర కలుపుకుంటున్నాడేమో అనుకోవాలి. ఒకసారి ఎవరో పై దేశం నుంచి వచ్చిన పెద్దమనిషి అడిగాడు, "మిమ్మల్ని నడిపించే ఆయన చెయ్యే ఎత్తడు, మీకు ఎలా తెలుస్తుంది?" అని. ష్రామెక్ గారు విన్నారు. "నేను చెయ్యి ఊపితే వీళ్ళు నన్ను చూస్తారండీ. ఊపకపోతే ఒకళ్ళనొకళ్ళు వింటారు" అన్నారు. అది ఆయన సొంత తెలివి కాదు, ఆయనే చెప్పేవారు. వాళ్ళ గురువు గారిది, ఆయన గురువు గారిది, అలా పైకి పోతే ఈ ఊళ్ళో మేం వాయించే సంగీతం రాసినవాళ్ళ దాకా పోతుంది. మా డోళ్ళాయన మేకతోలు వాన తేమకి సాగిపోయిందని గొణుగుతూ ఉంటే, అది బిగుసుకునేదాకా సాధన ఆపేసి కూర్చునేవారు. ప్లాస్టిక్ తోలు వేయిద్దామంటే వినరు. "మేక కూడా మన ఆర్కెస్ట్రాలో సభ్యురాలే" అని. నవ్వకు, అందరం నవ్వేవాళ్ళం, కానీ ఆగేవాళ్ళం.

ఎక్కడున్నాను? ఆఁ, లుక్ష్. హాలు డైరెక్టరు. మా కచేరీలు రేడియోలో నేరుగా వినిపించే ఏర్పాటు చేసింది ఆయనే, కాదనకూడదు. ఆ మొదటి రేడియో కచేరీకి ముందు సాధన దగ్గరకొచ్చాడు. మన ఊళ్ళోనే ఉండి రాసినాయన సింఫనీ వాయిస్తున్నాం, దాంట్లో నెమ్మదిగా నడిచే భాగం మీ తాత కొమ్ముతోనే మొదలవుతుంది. అదిగో, అక్కడ కీచుమంది. లుక్ష్ ఏమన్నాడు? గొంతు కూడా పెంచలేదు. "ష్రామెక్ గారూ, హాల్లో అయితే జనం దగ్గుతారు, సర్దుకుపోతుంది. రేడియోలో దేశమంతా వింటుంది. జర్మనీ నుంచి కొత్త కొమ్ములు నాలుగు తెప్పించాను. అవి వాయించండి. కాదూ, ఇవే అంటారా, ఆదివారం ఒక్క గిక్సర్ పడిందంటే సోమవారం ఈ గట్టు మీద ఇంకొకాయన నిలబడతాడు." అందరి ముందూ అన్నాడే! ష్రామెక్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇవే" అన్నారు.

ఇహ చూడు మీ తాత అవస్థ. మనిషి చూస్తే కసాయి కొట్టువాడిలా ఇంత ఉంటాడు, ఆ వారమంతా సెమ్మెల్ రొట్టె ముక్క కూడా గొంతు దిగలేదు. ఎత్తుకున్నప్పుడల్లా కీచే. శుక్రవారం లేచి నిలబడి, "అయ్యా, నా మూలంగా మీ పని పోతుంది. ఆ కొత్తదిచ్చెయ్యండి, వాయించేస్తాను" అన్నాడు. ష్రామెక్ గారు, "పోల్డీ, ఒక పని చెయ్యి. ఇప్పుడు కావాలని గిక్సర్ వెయ్యి. నీ చేతనైనంత చండాలంగా వెయ్యి" అన్నారు. మీ తాత తెల్లబోయాడు. ఊదాడు. పడలేదు! గుండ్రంగా, వెన్నలా వచ్చింది. "కాదు కాదు, తప్పు వాయించమన్నాను." మళ్ళీ ఊదాడు, మళ్ళీ బాగా వచ్చింది. వయొలిన్ల వాళ్ళు పడీ పడీ నవ్వారు, మీ తాతా నవ్వాడు. "చూశావా, తప్పు వాయించడం కూడా నీకు రాదు. కూర్చో" అన్నారు ష్రామెక్ గారు. హమ్మయ్య, గండం గట్టెక్కిందనుకున్నాం.

లేదే. ఆదివారం పదకొండింటికి హాలు నిండింది. వెనక నిలబడి వినే జనం ఉంటారు చూడు, వాళ్ళే అసలు రాక్షసులు, ఒక్కటి వదలరు. నెత్తిమీద రేడియో వాళ్ళ మైకులు వేలాడుతున్నాయి. నేను కింది స్వరం పట్టుకున్నాను, దాని మీద మీ తాత ఎత్తుకున్నాడు. మొదటిది బాగుంది, రెండోది బాగుంది, ఆ పైకెక్కే దగ్గర... కీచ్. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. వెనకనుంచి ఎవడో "అయ్యో" అన్నాడు. పక్క బాల్కనీలో కూర్చున్న లుక్ష్ చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ష్రామెక్ గారి మొహంలో ఏమీ లేదు. అదే చిన్న చెయ్యి, అదే చక్కెర కలపడం. ఆ భాగం చివరిదాకా నడిపించారు. మామూలుగా అయితే తరవాతి భాగానికి పోవాలి కదా, పోలేదు. కర్ర కింద పెట్టి జనం వైపు తిరిగారు. "అమ్మా, అయ్యా, ఈ భాగం మళ్ళీ మొదటినుంచి వాయిస్తాం. మా కొమ్ముబూరాయన దీన్ని చాలా బాగా వాయిస్తారు. అది మీరింకా వినలేదు" అన్నారు. రేడియోలో, నేరుగా!

మళ్ళీ మా వైపు తిరిగి చెయ్యెత్తారు. మీ తాత కొమ్ములో ఊపిరి చెమ్మంతా నీళ్ళై నిలిచిపోయింది. తియ్యాలంటే గొట్టాలు ఊడదీసి, కొమ్మంతా గుండ్రంగా తిప్పి తిప్పి వంచాలి, నీకు తెలుసుగా. వాడు భయపడుతూ తల ఎత్తి చూశాడు. ష్రామెక్ గారు చెయ్యి దించేశారు. దించి, ఆగారు. మీ తాత తిప్పుతున్నాడు, నేల మీద చుక్కలు పడుతున్నాయి. అద్దం వెనక రేడియో కుర్రాడు గడియారం చూపిస్తూ గంతులేస్తున్నాడు. హాల్లో ఒక్కడూ దగ్గలేదు. "అయిందా?" అన్నట్టు కనుబొమ్మ ఎత్తారు. వాడు తల అడ్డంగా ఊపి, మళ్ళీ తిప్పాడు. "కానియ్" అన్నట్టు తలాడించారు. తరవాత పోల్డీ నాతో అనేవాడు, "ఆయన ఆగాడ్రా. లోకంలో ఇంకే పనీ లేనట్టు ఆగాడు" అని. అప్పుడు వాయించాడే మీ తాత! ఏం చెప్పను? నా స్వరం నేను పట్టుకునే ఉన్నాను, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

తరవాతా? తరవాత ఏముంది, లుక్ష్ మాట తప్పే మనిషి కాదు. నడవలో నిలబెట్టి చెప్పేశాడు. ష్రామెక్ గారు, "రెండోది విన్నారా?" అన్నారు. "నాకు మొదటిది చాలు" అన్నాడాయన. "అయితే మీరు సగమే విన్నారు" అని, రబ్బరు తొడుగులేసుకుని ట్రామెక్కి వెళ్ళిపోయారు. సోమవారం కొత్తాయన వచ్చాడు. కొత్త కొమ్ముల పెట్టెలు నాలుగూ మా కుర్చీల ముందు తళతళలాడుతున్నాయి. మీ తాత ఏం చేశాడో తెలుసా? తన కుర్చీ పక్కకి నెట్టి, ఆ పెట్టె మీద కూర్చుని, పాత కొమ్ము ఎత్తాడు. మేం ముగ్గురం కూడా అంతే. కొత్తాయన అరిచాడు, లుక్ష్ వచ్చి అరిచాడు. మేం కూర్చునే ఉన్నాం. వయొలిన్ల వాళ్ళు శ్రుతి చూసుకుంటూనే ఉన్నారు. ఆఖరికి ఆ పెట్టెలు వెనక్కి పోయాయి, మా పాత కొమ్ములు ఉండిపోయాయి. ష్రామెక్ గారిని మాత్రం తెచ్చుకోలేకపోయాం. ఊరి చివర ష్టామర్స్‌డోర్ఫ్‌లో చర్చి పిల్లలకి పాట నేర్పుకుంటూ ఉండిపోయారు. నాకది ఇప్పటికీ కడుపుమంటే.

ఆయన పోయినప్పుడు జనవరి. సమాధి దగ్గర మేం నలుగురం వాయించాం. ఆ చలికి మీ తాతకి కీచుమంది, అక్కడే, శవపేటిక దించుతుండగా. అందరూ తలలు దించుకున్నారు. పోల్డీ ఆపేశాడు. నీళ్ళు తీశాడు. తిప్పి తిప్పి తీశాడు. పాదిరీ గారు మంచులో పుస్తకం పట్టుకుని నిలబడే ఉన్నారు, శవపేటిక దించుతున్న వాళ్ళూ అలాగే నిలబడ్డారు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

ఏంటి, లేచావ్? ఇంకో ముక్క... అదేంటి, పెట్టె తీస్తున్నావ్? ఇక్కడా? కింద వాటాలో ఆవిడ చప్పుడైతే చాలు, చీపురు కర్రతో కప్పు మీద కొడుతుంది. కొట్టనీ. ఏదీ, ఆ నెమ్మది భాగమే ఎత్తుకో... ఊఁ... బాగుంది... బాగుంది... ఆఁ. పడింది.

నా మొహం వైపు చూడకు. గొట్టాలు తీసి నీళ్ళు వంచు. తిప్పు, ఇంకా ఉన్నాయి. నాకేం తొందర లేదు.