ఫొటో బాబాయ్ మొదటి పెళ్లి

ఆ సాయంత్రం ఫొటో బాబాయ్ కోతలు కొయ్యాలని టీ కొట్టుకు రాలేదు. ఈ మాట ఆ వీధిలో ఎవరికి చెప్పినా పగలబడి నవ్వుతారు గానీ, నిజంగానే రాలేదు. అన్న కూతురికి ధైర్యం చెప్పడానికి వచ్చాడు.

ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్లు. మూడేళ్లు ఒక ఆఫీసులో కూర్చుని ఉత్తరాలు టైపు చేసి చేసి, ఉన్నట్టుండి ఒకరోజు మానేసి బాబాయ్ స్టూడియోలో చేరింది. ఏడాదిగా ఆయన వెంట పెళ్లిళ్లకు తిరుగుతోంది. ఇప్పుడు తొలిసారి ఒక పెళ్లి పూర్తిగా ఆమె చేతికే వచ్చింది. పెళ్లికూతురే ఫోన్ చేసి, "అక్కా, మీరే తియ్యాలి, ఇంకెవరూ వద్దు" అంది. ఆ పెళ్లి రేపు పొద్దున పదింటికి. ఈ పిల్లకేమో నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. బ్యాటరీలు బ్యాగులో సర్దడం, తీసి చూసుకోవడం, మళ్లీ సర్దడం. చివరికి మధ్యాహ్నం స్టూడియో అద్దం తుడుస్తూ తుడుస్తూ, "రేపు నువ్వే వెళ్లు బాబాయ్, నా వల్ల కాదు" అనేసింది.

"పద, టీ తాగుదాం" అన్నాడు బాబాయ్. అలాంటి జబ్బులకు ఆయనకు తెలిసిన మందు అదొక్కటే.

కొట్టు ముందు రెండు బల్లలు. ఒక బల్ల మీద డ్యూటీ దిగిన బస్సు డ్రైవరూ, షాపు కట్టేసి వచ్చిన మంగలి మావయ్యా. రెండో బల్ల మీద వీళ్లిద్దరూ కూర్చున్నారు. ఇంతలో పక్క షాపు టైలరమ్మ వచ్చింది, మెడలో కొలతల టేపుతో. మామూలుగా ఆవిడ గ్లాసు అందుకుని తన మిషను దగ్గరికి వెళ్లిపోతుంది. బాబాయ్ నోరు తెరిచాడంటే ఇంకా తొందరగా వెళ్లిపోతుంది. ఆ రోజు మాత్రం ఆ పిల్ల ముఖం ఒకసారి చూసి, పక్కనే సర్దుకుని కూర్చుంది.

అది చూడగానే బాబాయ్ తన గ్లాసు తీసుకుని బల్ల చివరికి జరిగాడు. అయినా గొంతు సవరించుకుని, దారిపొడవునా కూడబలుక్కుంటూ వచ్చిన మాట బయటపెట్టాడు.

"చూడమ్మా, మొదటి పెళ్లికి నేనూ కాస్త కంగారు పడ్డాను."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ మంగలి మావయ్య గ్లాసు కింద పెట్టి, "ఎవరూ? నువ్వా? కంగారా?" అన్నాడు. అంతే, నాలుక మీదున్న నిజం గిరుక్కున వెనక్కి తిరిగింది.

"కంగారంటే కంగారు కాదయ్యా, ఉత్సాహం! ఒళ్లు కాస్త వేడెక్కింది, అంతే. అప్పటిదాకా నేను స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాణ్ని. గడ్డం పైకి, కళ్లు పెద్దవి చెయ్, అయిపోయింది లే. అదీ నా విద్య. ఆ రోజు మా పెద్ద ఫొటోగ్రాఫరు మెట్ల మీద జారి కాలు మెలిపెట్టుకున్నాడు. ఓనరుగారు కెమెరా తెచ్చి నా మెడలో వేసి, ఒరేయ్ నువ్వెళ్లు అన్నారు. వెళ్లాను. మూడొందల మంది జనం. నేను హాల్లో అడుగుపెట్టానో లేదో, కరెంటు పోయింది."

ఇంతవరకూ నిజమే. కరెంటు పోవడం కూడా నిజమే. రెండు నిమిషాలు పోయింది.

"చీకట్లో పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్లు ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుతున్నారు. నేను నిమ్మళంగా ఫ్లాష్ కొట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు టీ కొట్టాయన, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"ఆ వెలుగు ఆరలేదు."

"ఫ్లాష్ ఆరకపోవడమేంటి బాబాయ్?"

"అప్పటి ఫ్లాషులు అలాంటివి! గడియారం చూసి చెప్తున్నా, పదకొండు నిమిషాలు వెలిగింది. ఆ వెలుతుర్లో వంటవాళ్లు రెండు బస్తాల ఉల్లిపాయలు తరిగేశారు. పెళ్లికూతురి మేనత్త ఎప్పుడో పోగొట్టుకున్న చెవి దిద్దు దొరికింది. ఈ వింత చూద్దామని జనం స్టేజీ మీదికి ఎగబడ్డారు, ఎనిమిది వేల మంది."

"ఇందాక మూడొందలన్నావు" అన్నాడు డ్రైవరు.

"చీకట్లో మూడొందలే కనిపించారు. వెలుగొచ్చాక మిగతావాళ్లు బయటపడ్డారు."

డ్రైవరు ఆలోచించి తలాడించాడు. బాబాయ్ ఓరకంట అన్న కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల టీ ముట్టుకోలేదు, మీద మీగడ కట్టింది. సరే, ఇంకాస్త గట్టిగా చెప్తే గానీ పనిచెయ్యదనుకున్నాడు.

"అంతమంది ఎక్కితే స్టేజీ ఆగుతుందా? ఒక కాలు ఫెళ్లున విరిగింది. పైనేమో పెళ్లికూతురు, మహారాజుల ఇంటి పిల్ల, నలభై కార్లలో దిగారు వాళ్లు. పెళ్లికొడుకు ఆరున్నర అడుగులు, కొండలాంటి మనిషి. నేను ఒక్క దూకు దూకి కిందికి దూరి, ఎడం చేత్తో స్టేజీని ఎత్తిపట్టుకున్నా. కుడి చేత్తో కెమెరా బయటపెట్టి ఫొటోలు తీస్తూనే ఉన్నా, ఒక్కటీ వదల్లేదు."

"ఎడం చెయ్యి స్టేజీకి, కుడి చెయ్యి కెమెరాకి. మరి ఫోకస్ ఎలా తిప్పావు?" అన్నాడు డ్రైవరు.

"పళ్లతో!"

మంగలి మావయ్య టీ పొలమారి దగ్గాడు. బాబాయ్‌కి ఇక పట్టపగ్గాల్లేవు.

"ఈ హడావుడి చూసి పెళ్లికొడుకు జడుసుకుని, గోడ దూకి, పోతున్న బస్సెక్కి పరారయ్యాడు. స్టేజీని ఓ నలుగురికి అప్పగించి నేను వెంటపడ్డా. బస్సుకి అడ్డంగా నిలబడి, కెమెరా ఎత్తి, నవ్వండీ అన్నా. లోపలున్న ప్రయాణికులంతా నవ్వారు. డ్రైవరు నవ్వాడు."

"బస్సు నవ్వలేదా?" అన్నాడు డ్రైవరు, వృత్తి గౌరవం కొద్దీ.

"నవ్వబోయి ఆగిపోయింది. పెళ్లికొడుకుని భుజాన వేసుకుని తెచ్చి నిలబెట్టా. ఇక అసలు సంగతి వినండి. ఆ పెళ్లికూతురిని ఒక్క ఫొటో తీశాను. నవ్వుతున్న ఫొటో. అది తెచ్చి గోడకు పెడితే, జనమంతా పెళ్లికూతుర్ని వదిలేసి ఆ ఫొటోతోనే మాట్లాడారు, బహుమతులు దానికే ఇచ్చారు. ఆలస్యంగా వచ్చిన ఒక ముసలాయనకి ఆ ఫొటో, 'రండి తాతయ్యా, కూర్చోండి' అని కుర్చీ చూపించింది. నా చెవులారా విన్నాను!"

బల్లలు ఊగేలా నవ్వారు అందరూ. టైలరమ్మ నవ్వలేదు, ఆ పిల్లా నవ్వలేదు. చల్లారిన గ్లాసు పక్కన పెట్టి, ఫోన్ తీసింది.

"నువ్వు సరదాకి చెప్తావని తెలుసు బాబాయ్. అందులో సగానికి సగం తీసేసినా, నాది నీలాంటి గుండె కాదు. నాకు హాల్ గుర్తొస్తేనే చేతులు వణుకుతున్నాయి. వాళ్లకి ఇప్పుడే చెప్పేస్తా. ఇంకొకళ్లని వెతుక్కోవడానికి కాస్త టైమైనా మిగులుతుంది."

బాబాయ్ నోరు తెరిచాడు. చెప్పాల్సింది ఏమిటో ఆయనకు బాగా తెలుసు. కానీ ఇరవై రెండేళ్లుగా ఆ నిజం మీద స్టేజీలూ బస్సులూ మహారాజులూ పేర్చుకుంటూ వచ్చాడు. ఇప్పుడు దాన్ని ఎక్కణ్నుంచి బయటికి లాగాలో తెలియలేదు.

"ఫోన్ కింద పెట్టమ్మా" అంది టైలరమ్మ. "ఆ పెళ్లికూతుర్ని నేనే."

టీ కొట్టాయన స్టవ్ తగ్గించాడు.

"మహారాజుల పిల్లవా?" అన్నాడు మంగలి మావయ్య.

"మా నాన్న చెప్పుల కొట్టులో పనిచేసేవాడు. నలభై కార్లు లేవు, చుట్టాలందరం ఒకే వ్యాన్‌లో ఒకళ్ల ఒళ్లో ఒకళ్లం కూర్చుని దిగాం. మా ఆయన సంగతంటావా, షాపులో పై అర అందాలంటే ఇప్పటికీ స్టూలెక్కుతాడు. ఆయన ఎక్కడికీ పారిపోలేదు పాపం. పారిపోయింది మేమిద్దరం. నేనూ, మీ బాబాయీ."

బాబాయ్ తల దించుకున్నాడు. ఆవిడ ఆ పిల్లకే చెబుతున్నట్టు చెప్పింది.

"కరెంటు వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు ఒక్కసారిగా ఊపిరాడలేదు. రేపటి నుంచి ఎవరింట్లోనో లేవాలి, ఎవరి అలవాట్లో నేర్చుకోవాలి. ముఖం కడుక్కొస్తానని చెప్పి, వెనకాల కుర్చీలు పేర్చే గదిలోకి దూరాను. అక్కడ కుర్చీల సందులో ఒక మనిషి ముడుచుకుని కూర్చున్నాడు. మెడలో కెమెరా. ముఖం సున్నం కొట్టినట్టుంది, చేతులు గడగడా వణుకుతున్నాయి. బకెట్ దగ్గర పెట్టుకున్నాడు, వాంతి వస్తుందేమోనని."

"వచ్చింది కూడా" అన్నాడు బాబాయ్ నేలచూపులతో.

"అది నేను చెప్పకూడదనుకున్నా. సరే, ఏమైంది బాబూ అన్నాను. ఏడుపు గొంతుతో, 'నాకిదే మొదటి పెళ్లండీ' అన్నాడు. నాకెక్కడ లేని కోపం వచ్చింది. 'నాకూ ఇదే మొదటి పెళ్లి! నేనేమైనా బకెట్ పట్టుకుని కూర్చున్నానా?' అన్నాను."

డ్రైవరు పకాలున నవ్వాడు.

"మేమూ ఇలాగే నవ్వాం. ముందు నేను, తర్వాత ఇతను. ఆపుకోలేక, కుర్చీలు పట్టుకుని నవ్వాం. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అంతలో టక్కుమని చప్పుడైంది. చూస్తే కెమెరా కంటికి ఆనించుకుని ఉన్నాడు. చేతులు వణకడం లేదు."

"నేను తియ్యాలని తియ్యలేదు" అన్నాడు బాబాయ్ మెల్లగా. గొంతులో కోతల జోరు ఎక్కడికి పోయిందో. "నువ్వు నవ్వుతున్నావు. అది పోనివ్వకూడదనిపించింది. అంతకుముందు ఎవరి ముఖం చూసినా నాకలా అనిపించలేదక్కా. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే ఒళ్లు దూదిపింజలా ఉంది. ఇక జన్మలో ఎవర్నీ గడ్డం పైకెత్తమని అననని ఒట్టు పెట్టుకున్నా."

"ఆ తర్వాత తీసినవన్నీ ఘోరం" అంది టైలరమ్మ, ఆ పిల్ల వైపే చూస్తూ. "సగం ఫొటోల్లో తలకాయల్లేవు. ఒకదాంట్లో మా ఆయన బూట్లు మాత్రమే వచ్చాయి. కానీ ఆ ఒక్క ఫొటో మా మంచం ఎదురుగా ఉంటుంది. మా ఇంట్లో చాలా కష్టాలు నడిచాయమ్మా. బతుకు బరువనిపించిన రోజున పొద్దున్నే లేచి దాన్ని చూస్తాను. అంత భయంలోనూ నవ్వినదాన్ని కదా, ఇదేపాటి అనుకుని మిషను ముందు కూర్చుంటాను. అందుకే ఈయన ఎన్ని వేలమంది జనాన్ని పోగేసినా, ఎన్ని బస్సులు ఆపినా, ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. ఆపుకోనీలే అనుకున్నా."

బాబాయ్ కండువా అంచుతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"మర్నాడు మా ఓనరుగారు మీ ఇంటికి ఫోన్ చేశారట, కుర్రాడు ఎలా తీశాడని. అప్పటికింకా రీలు కడగలేదు. కడిగి, ఆ తలకాయల్లేని ఫొటోలు చూసి మళ్లీ చేశారు. ఆయన మాత్రం నాకేమీ చెప్పలేదు, ఇంకో పెళ్లికి పంపించారంతే. నీకు దండం పెట్టాలని చాలాసార్లు అనుకున్నానక్కా. మీ షాపు గుమ్మం దాకా వచ్చి, గుండీ కుట్టించుకుని వెళ్లిపోయేవాణ్ని. అసలు ఏం చెప్పావు ఆయనకి?"

"అన్ని ఫొటోలూ మాకు తెగ నచ్చేశాయని చెప్పాను."

"అన్నీనా?"

"ఏం, కోతలు నువ్వొక్కడివే కొయ్యాలా?"

మంగలి మావయ్య తొడ చరిచాడు. నవ్వుల మధ్య బాబాయ్ లేచి నిలబడి, ఇరవై రెండేళ్లు ఆలస్యంగా, రెండు చేతులూ జోడించాడు. ఆవిడ ఇబ్బందిగా చెయ్యి ఊపి, "కూర్చో, కూర్చో" అంది.

ఆ పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. నంబరు నొక్కింది. బాబాయ్ బల్ల అంచున కూర్చుని ఆమె వైపే చూశాడు.

"హలో, నేనమ్మా, ఫొటోలు తీసే అక్కని. రేపు గంట ముందే వస్తాను, పర్లేదా? కెమెరా తియ్యకుండా కాసేపు నీ దగ్గర కూర్చుంటా." ఒక్క క్షణం తటపటాయించి, "నిజం చెప్పాలంటే, నాకు కొంచెం భయంగా ఉంది" అంది.

అవతలి నుంచి గలగలా వచ్చిన మాట బల్ల మీదున్న అందరికీ వినిపించింది.

"హమ్మయ్య! నాకొక్కదానికే అనుకున్నా. గంట కాదక్కా, రెండు గంటలు ముందొచ్చెయ్యండి!"