బుజ్జమ్మ తరఫున మావయ్య వకాల్తా

అదేంటే, ఎదురింటివాళ్ల కుక్క దాని మానాన అది పోతుంటే నువ్వు బల్లిలా గోడకి అతుక్కుపోయావు? మూతి వెడల్పుగా ఉందా? అయితే? పిట్‌బుల్లే, కాదన్నదెవరు. ఇలా వచ్చి కూర్చో. మా కత్తెర మావయ్యే ఉండుంటే నిన్ను ఇంత తేలిగ్గా వదిలేవాడు కాదు. మా అమ్మకి ఆఖరి తమ్ముడు. నువ్వు పుట్టేనాటికే పోయాడులే. మెయిన్ రోడ్డు మలుపులో, మందుల షాపు పక్కన సెలూన్ ఉండేది ఆయనకి. రెండే కుర్చీలు, అందులో ఒకటి కిర్రుమనేది. ఎంత నూనె పోసినా దాని నోరు మూతపడలేదు. ఆ కుర్చీలోనే నా పెళ్లికి ముందు రోజు ఏదో కబుర్లలో పడి సగం మీసం ఎగరగొట్టేశాడు. మీ నానమ్మని అడుగు, ఇప్పటికీ నవ్వుతుంది.

ఏం చెప్తున్నాను? ఆఁ, కుక్క. ఆ షాపు వెనక ఇనుప సామాన్ల గోడౌన్ ఉండేది. దాని ఓనరు అంతా ఖాళీ చేసుకుపోతూ, కాపలా కుక్కని మాత్రం గొలుసుతో సహా వదిలేసి పోయాడు. ఇంత తలకాయ, ఇంత ఛాతీ, మెడ చుట్టూ గొలుసు ఒరిసిన పుండు. "అమ్మో, అది రాక్షసి జాతి, పట్టిందంటే వదలదు" అని వీధివీధంతా దూరం నుంచే దణ్ణం పెట్టేసింది. మావయ్య ఏం చేశాడూ, రోజూ తిండీ నీళ్లూ దాని ముందుకి తోసి, అల్లంత దూరాన పీట వేసుకుని, దాని వంక చూడకుండా పేపరు చదువుకునేవాడు. రోజుకింత పీట దగ్గరికి జరుపుకునేవాడు. చివరికి ఓ పొద్దున అదే వచ్చి ఆయన మోకాలి మీద గడ్డం ఆనించింది. అంతే, గొలుసు విప్పి షాపుకి తెచ్చేసుకున్నాడు. పేరేం పెట్టాడో తెలుసా? బుజ్జమ్మ! నవ్వుతావేం, ఆ పేరు వినే సగం మందికి భయం వదిలింది.

ఇక అక్కణ్ణుంచి చూడాలి ఆయన వాదన! ఎవరికైనా గడ్డానికి నురగ పట్టించి, కత్తి ఆనించాక మొదలుపెట్టేవాడు. వాళ్లు నోరు మెదపడానికి లేదుగా! "ఏమండీ, పుడుతూనే ఏ కుక్కైనా పగ పట్టుకుని పుడుతుందా? దీన్ని కట్టేసి, కొట్టి, కోపం నేర్పించింది మనిషే కదండీ?" బుజ్జమ్మేమో బెంచీ కింద పడుకుని, రాలిన వెంట్రుకలన్నీ ఒంటిమీద వేసుకుని గుర్రుపెట్టేది. అలాగని మావయ్య కల్లబొల్లి మాటలు చెప్పేరకం కాదు. "కరవదా?" అని అడిగితే, "పళ్లున్నాయి, ఎందుకు కరవదూ? బలమున్న కుక్క, అందుకే తాడు నా చేతిలోంచి జారదు" అనేవాడు. బడికెళ్లే పిల్లలకి కూడా పాఠమే: "ముందు నన్నడగండి. మీదికి ఉరకొద్దు. చెయ్యి కిందికి పెట్టండి, వాసన చూడనివ్వండి." మా అమ్మ విసుక్కునేది, "ఒరేయ్, నువ్వు మనుషులకి క్షవరం చేస్తున్నావా, కుక్కకి వకాల్తా పుచ్చుకున్నావా?" అని. "రెండూనక్కా" అనేవాడు.

ఎదురు మేడలో బ్యాంకు మేనేజరు గారని ఒకాయన ఉండేవాడు. ఆయనకి మాత్రం బుజ్జమ్మని చూస్తే ఒళ్లు మండేది. పక్క పేటలో ఏదో కుక్క ఎవరినో కరిచిందని తెలిసిందో లేదో, ఆదివారం పొద్దున్నే వీధినంతా కూడగట్టి షాపు ముందుకి తెచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. "కుక్కనన్నా పంపించెయ్, షాపన్నా ఎత్తేసెయ్" అన్నాడు. మావయ్య మొహం పాలిపోయింది. ఆ షాపు తప్ప ఇంకో బతుకుతెరువు లేదాయనకి. తాడు మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకుని, "ఇది మీకేం చేసిందండీ?" అని మాత్రం అడిగాడు.

సరిగ్గా అప్పుడే, మేనేజరు గారి భార్య చంకలో ఉన్న తెల్ల బొచ్చుకుక్క, ఇంతే ఉంటుంది, పిడికెడు, ఆ అరుపులకి బెదిరి ఒక్క ఉదుటున దూకి, వచ్చి బుజ్జమ్మ చెవి పట్టేసింది. రక్తం! జనం చెల్లాచెదురు. ఆవిడ కెవ్వుమంది, మేనేజరు గారు కొయ్యబారిపోయాడు. ఇంక బొచ్చుకుక్క పని అయిపోయిందనే అనుకున్నాం. బుజ్జమ్మ ఒళ్లంతా వణికిపోతూ, మావయ్య కాళ్ల మధ్యకి దూరి, ఆయన మొహంలోకి చూసి కుయ్యిమంది, అంతే. ఆయన తాడు బిగించి పట్టుకుని, "ఎవరూ అరవకండి. అమ్మా, ఆ కుర్చీ మీది తువ్వాలు తీసి మీదాని మీద కప్పండి, నెమ్మదిగా" అన్నాడు. కప్పగానే వదిలేసింది.

ఇప్పుడు జనం మాట మార్చారు చూడు! "పంపించాల్సింది ఈ బొచ్చుదాన్నే, ఇదే పిచ్చిది" అని దర్జీ అరిచాడు, నలుగురు తలూపారు. మావయ్య చోట ఇంకొకడుంటే చంకలు గుద్దుకునేవాడే. మావయ్య బుజ్జమ్మ చెవిని గుడ్డతో అదిమి పట్టుకుని, "ఆగండయ్యా! గుంపుని చూసి భయపడింది పాపం. నా కుక్క రూపు చూసి శిక్ష వెయ్యొద్దని ఇంతకాలం మొత్తుకుని, ఇవాళ దీని ఒక్క తప్పు చూసి శిక్ష వెయ్యమంటానా? ఇవాళ ఊరుకుందని నాదాన్ని దేవతనీ చెయ్యకండి. రేపూ తాడు నా చేతిలోనే ఉంటుంది" అన్నాడు. చదువుకున్నవాళ్లూ, డబ్బున్నవాళ్లూ చాలామందిని చూశాను గానీ, గెలిచిన నిమిషంలో అవతలివాడి తరఫున మాట్లాడిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. మా మావయ్య! మేనేజరు గారు తల దించుకుని, తనే బుజ్జమ్మని పశువుల డాక్టరు దగ్గరికి కారులో ఎక్కించుకెళ్లాడు. షాపు మాట మళ్లీ ఎవడూ ఎత్తలేదు.

తర్వాత మేనేజరు గారికి బదిలీ అయింది. వెళ్లేచోట కుక్కల్ని ఉంచుకోనివ్వరట. బొచ్చుకుక్కని తెచ్చి ఎవరి చేతిలో పెట్టాడనుకున్నావ్? ఆఁ, మావయ్య చేతిలోనే. ఇక రెండూ ఆ బెంచీ కిందే.

మావయ్య ముందు పోయాడు. అవి ఉన్నాయి. మా అత్తయ్య ఏనాడూ వాటిని ముట్టుకున్న మనిషి కాదు, కుక్క వాసనే పడదావిడకి. దినాలయ్యాక ఓ పొద్దున చూద్దును కదా, రెండు తాళ్లూ పట్టుకుని వీధిలో నడుస్తోంది. ఎవరో కొత్తగా వచ్చినావిడ పక్కకి తప్పుకుని, "కరుస్తుందేమోనండీ ఆ పెద్దది?" అంది. అత్తయ్య ఆగి, కొంగు సర్దుకుని, "ముందు నన్నడిగారు, మంచిపని చేశారు. చెయ్యి కిందికి పెట్టండి, వాసన చూడనివ్వండి" అంది. అచ్చం ఆయన గొంతుతో...

...ఆ కిటికీ వెయ్యవే, జల్లు లోపలికి కొడుతోంది.