డాబుల బాబాయి వీధికి చలి పుట్టించిన వైనం

డాబుల బాబాయి పది అంటే ఒకటని వినాలి. టీ కొట్టు దగ్గర కూర్చునే వాళ్ళందరికీ ఈ లెక్క తెలుసు. పదిమందిని చితక్కొట్టానని ఆయనంటే, ఎవడితోనో మాటామాటా వచ్చిందని అర్థం చేసుకునేవాళ్ళు. పెద్ద ఆఫీసులో ముప్పై ఏళ్ళు లిఫ్ట్ నడిపి రిటైరయ్యాడాయన. దాంతో మీటలున్న ప్రతి వస్తువూ తన మాట వింటుందని గట్టి నమ్మకం.

ఆ రోజు టైలర్ ఆ టీ కొట్టుకి వచ్చింది మాత్రం కథలు వినడానికి కాదు, ఏసీ మెకానిక్ కోసం. వాళ్ళ అక్కకి కంటి ఆపరేషన్ అయింది. ఒంటిగంటకి ఇంటికి తీసుకొస్తున్నారు. వారం రోజులు చెమట కంట్లోకి దిగకూడదు, గది చల్లగా ఉండాలని డాక్టర్ మరీమరీ చెప్పాడు. అందుకని టైలర్ పాత ఏసీ ఒకటి కొని గదికి బిగించాడు. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి ఇచ్చే రకం. నిన్న సాయంత్రం దాకా బాగానే పనిచేసింది. కుట్టిన ప్యాంటు తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చిన బాబాయి, "ఈ చల్లదనం ఏం సరిపోతుందిరా" అంటూ తనే రిమోట్ పుచ్చుకుని సరిచేసి వెళ్ళాడు కూడా. ఏం లాభం? గంట తిరిగేసరికి అది పొయ్యిలా వేడిగాలి కక్కడం మొదలెట్టింది. ఆపి వేసినా అంతే. పాత సరుకు కొని అక్క కంటి మీదికి తెచ్చానని టైలర్ తనని తానే తిట్టుకుంటున్నాడు.

ఫోన్లో వెతికి దొరికిన నంబర్లన్నింటికీ చేశాడు. ఒకడు వచ్చే వారం అన్నాడు, ఒకడు అసలు ఎత్తలేదు. చివరికి టీ కొట్టు ఆవిడే ధైర్యం చెప్పింది. "ఈ పేటకంతా ఒక్కాయనే తమ్ముడూ. పదకొండింటికి ఇక్కడికి టీకి వస్తాడు. కూర్చో."

టైలర్ కూర్చున్నాడు. పక్కనే బాబాయి ఉన్నాడు.

"మెకానిక్ కోసమా? నన్నడగాలిగా!" అన్నాడు బాబాయి గ్లాసు కింద పెట్టి. "పోయిన ఎండాకాలం మా ఇంట్లోనూ ఇదే గోల. ఏసీ వేడిగాలి కొట్టింది. నేను కంగారు పడ్డానా? ఒక్క ఫోన్. పది నిమిషాల్లో మెకానిక్ గుమ్మంలో ఉన్నాడు."

"ఎవరు బాబాయ్? నంబరివ్వండి!" అన్నాడు టైలర్ ఆశగా.

"ఎవరని చెప్పను? ఒక్కడైతేగా! నేను పిలిచానని తెలిసి పేటలో ఉన్న మెకానిక్కులంతా వచ్చేశారు. మొదట ముగ్గురు, తర్వాత ముప్పైమంది, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. లైను మా గుమ్మంలో మొదలై సందు చివర మలుపు తిరిగి, మళ్ళీ చుట్టుకుని మా వంటింటి తలుపు దగ్గర తేలింది. వాళ్ళ నిచ్చెనలన్నీ ఒకదాని మీదొకటి పెడితే మా డాబా ఎక్కడో కింద అగ్గిపెట్టెలా కనిపించింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిచ్చెనెక్కి చందమామకి టీ ఇచ్చొచ్చారా?" అన్నాడు సెలూన్ అతను. అతనికి ఆ పూట బేరాల్లేవు.

"నువ్వు నవ్వుతావు, చూసినవాళ్ళు ఏడ్చారు! లోపల వేడి ఎంతుందనుకున్నావ్? అల్మారాలో పెట్టిన కోడిగుడ్లు ఉడికిపోయాయి. ఇస్త్రీ పెట్టె తీగ తగిలించకుండానే చొక్కా మాడ్చేసింది. గోడ మీద బల్లి నీడ కోసం వెతుక్కుంటూ నా గొడుగు కిందికొచ్చింది."

"ఇంట్లో గొడుగేసుకున్నారా?" టీ కొట్టు ఆవిడ నోరెళ్ళబెట్టింది.

"వేసుకోక? ట్యాంకులో నీళ్ళు తెర్లుతుంటే వీధిలో వాళ్ళంతా బక్కెట్లు తెచ్చి స్నానాలకి పట్టుకెళ్ళారు!"

సరిగ్గా అప్పుడే దుమ్ము కొట్టుకుపోయిన చొక్కాతో, భుజాన బరువైన సంచితో ఒకతను వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. టీ కొట్టు ఆవిడ టైలర్ వైపు తిరిగి, "ఇదిగో తమ్ముడూ..." అనబోయింది. "మధ్యలో మాట్లాడకమ్మా, అసలు ఘట్టంలో ఉన్నాం!" అని బాబాయి చెయ్యెత్తాడు. వచ్చినతను బాబాయిని ఎగాదిగా చూసి, చిన్నగా నవ్వి, ఆగమన్నట్టు ఆవిడకి సైగ చేశాడు. టైలర్ అది చూశాడు గానీ, ఉడికిన కోడిగుడ్ల దగ్గరే ఆగిపోయిన అతని బుర్రకి ఏమీ అందలేదు.

"అంతమందిలోంచి ఒకణ్ణి ఎంచి లోపలికి పంపాను. మిషన్ మూత తీశాడో లేదో, వాడికి కళ్ళు తిరిగాయి. నా కాళ్ళ మీద పడి, 'అయ్యా, పెళ్ళాం బిడ్డలున్నవాణ్ణి, ఇది నా వల్ల కాదు' అన్నాడు. సరే పోన్లే అని లేచాను. కళ్ళు మూసుకున్నాను. ఒక్క మీట నొక్కాను."

"నొక్కితే?" టైలర్ తనకి తెలీకుండానే ముందుకు జరిగాడు.

"నొక్కితే ఏముంది, చలి! గిన్నెలో పాలు రాయయ్యాయి. దండెం మీద నా పంచె నిటారుగా నిలబడి, దానంతటదే నడిచి లోపలికొచ్చింది. తలుపు సందులోంచి చలి వీధిలోకి పోయింది. ట్రాఫిక్ పోలీసు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. ఎటు బళ్ళు అటే ఆగిపోయాయి. మంట రాజేసి ఆ చెయ్యి దించడానికి నలుగురు పట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాతావరణం ఆఫీసు నుంచి ఫోన్! 'అయ్యా, ఇవాళ ఎండ మండిపోతుందని ఊరంతా చాటాం, మీరు కాస్త తగ్గించకపోతే మా ఉద్యోగాలు పోతాయి' అని పెద్ద ఆఫీసరు ఒకటే ఏడుపు. జాలేసి రెండు పాయింట్లు తగ్గించాను."

సెలూన్ అతను టీ పొలమారి దగ్గుతున్నాడు.

"నమ్మవా? మీ పిన్నినడుగు! ఆ రోజు నుంచి ఆవిడ ఆ రిమోట్ బీరువాలో పెట్టి తాళం వేస్తోంది. నా చెయ్యి పడిన వస్తువని అంత భద్రం! అలాంటివాణ్ణి, నిన్న వీడింటికెళ్ళి స్వయంగా నా చేత్తో రిమోట్ సరిచేసి వచ్చాను. అయినా పాడైందంటే అది వీడు కొన్న డొక్కు మిషన్ తప్పు."

బెంచీ చివరతని ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"రిమోట్ మీద ఏ బొమ్మ పెట్టారండీ?"

"అదేం ప్రశ్నయ్యా? చలికాలానికి మంచు బొమ్మ, ఎండాకాలానికి సూర్యుడి బొమ్మ. చిన్నపిల్లాడిక్కూడా తెలిసేలా గీసి పెట్టారు. సూర్యుడి బొమ్మే పెట్టాను!"

బెంచీ చివరతను బాబాయి వైపు తిరిగాడు.

"బాబాయిగారూ, పోయిన ఏడాది మీ ఇంటికొచ్చిన మెకానిక్కుని నేనే. వచ్చింది నేనొక్కణ్ణే. నిచ్చెన కూడా తేలేదు. అప్పుడు మీరింట్లో లేరు. వేడికి తట్టుకోలేక బ్యాంకులో ఏసీ కింద కూర్చున్నారని అమ్మగారు చెప్పారు. నేను మిషన్ విప్పలేదండీ. రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉంది. అది వేడి గాలికి. మంచు బొమ్మకి మార్చి, మంచినీళ్ళు తాగి వచ్చేశాను. 'ఆయనకి చెప్పకు నాయనా, చిన్నబుచ్చుకుంటారు. రిమోట్ నేను బీరువాలో పెట్టేసుకుంటాలే' అన్నారు అమ్మగారు. మాటిచ్చాను గనక ఏడాదిగా నోరు మెదపలేదు. ఇప్పుడు ఇంకొకరి ఇంటి దాకా వచ్చింది, ఇక దాచి లాభం లేదు."

 నిన్నటి నుంచి టైలర్ తిట్టుకున్న ఏసీ, తిట్టుకున్న తన చేతులు, అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. గబగబా ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమే, ఏసీ వెయ్యి. రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉందా? ఉందా! మంచు బొమ్మ వచ్చేదాకా నొక్కు. ఫోన్ పెట్టెయ్యకు!"

అందరూ ఫోన్ వైపు వంగారు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి. బాబాయి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అందులోకే చూస్తూ ఉన్నాడు. 

"చల్లగా వస్తోందండీ!" ఫోన్లోంచి కేక. "వదినగారు వచ్చేసరికి గది చల్లబడిపోతుంది!"

టైలర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. బాబాయి వైపు తిరిగి ఏదో అనబోయాడు. ఈలోగా ఆయనే, పీలగా, "అక్కయ్య కంటికేం కాదు కదరా?" అన్నాడు. ఆ గొంతులో డాబు లేదు, భయమే ఉంది.

"ఇంకా రాలేదు బాబాయ్. ఏం కాదు," అన్నాడు టైలర్. 

మెకానిక్ సంచి భుజానికెత్తుకుని ఆగాడు. "పొద్దుట్నుంచి మూడిళ్ళు తిరిగొచ్చాను. మూడింట్లోనూ సూర్యుడి బొమ్మే. ఎవరో పెద్దాయన వచ్చి సరిచేసి వెళ్ళారని చెప్పారు. నిజం చెప్పండి బాబాయిగారూ, ఈ వారంలో మొత్తం ఎన్నిళ్ళల్లో సరిచేశారు?"

బాబాయి వేళ్ళు ముడవడం మొదలెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండోది అయిపోయింది. మళ్ళీ మొదటి చేతికి వచ్చి, నాలుగో వేలు దగ్గర ఆగాడు.

"పద్నాలుగు," అన్నాడు తల దించుకుని.

సెలూన్ అతను అప్పటికే అత్తగారికి ఫోన్ కలుపుతున్నాడు. టీ కొట్టు ఆవిడ పొయ్యి ఆపి, చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళమ్మ ఇంటి వైపు పరిగెత్తింది. బాబాయి చెప్పిన అంకెని ఆ రోజు ఎవరూ తగ్గించుకుని వినలేదు.