నీలం చారల మూత

ఏంటి తల్లీ అది, అలా బర్రున లాగుతున్నావు? అరముక్క పుచ్చకాయకి మూరెడు ప్లాస్టిక్కా? రేపు పొద్దున తీసి ఉండచుట్టి పారేస్తావు, అంతేగా. లేదు లేదు, నిన్ననడం లేదు, చుట్టుకో. నాకు మూతలత్త గుర్తొచ్చిందంతే. ఎవరా? చెప్పలేదూ నీకు? మా వీధిలో టైలరు గారి భార్య. పోయి ముప్పై ఏళ్ళు దాటింది. వీధంతా అలాగే పిలిచేవాళ్ళు, మూతలత్త అని. ఆవిడా పలికేది. మరి ఆ వంటింట్లో మూత లేని గిన్నె ఉంటేగా! అన్నీ గుడ్డమూతలే. ముందు గదిలో ఆయన మిషను, వెనక గదిలో ఈవిడ వంట. ఆయన కత్తెర కింద పడ్డ ముక్కలన్నీ సాయంత్రానికి ఈవిడ ఒళ్ళో ఉండేవి. ఒకదానికొకటి అతికి, గుండ్రంగా కత్తిరించి, అంచులో నాడా దూర్చేది. గిన్నె మీద వేసి లాగితే బిగుసుకునేది. తడి వాటికి ఇంకో రకం. గుడ్డకి మైనం పట్టించి, ఆయన ఇస్త్రీ పెట్టె వేడి మీదున్నప్పుడే పైన కాగితం వేసి రుద్దేది. నీళ్ళు పోస్తే జారిపోవాల్సిందే. కూరగాయలకి సంచులు, వేడి గిన్నె దించడానికి మందపాటి గుడ్డలు, పాత బనీన్లేమో గట్టు తుడవడానికి. ఉతకడం, ఆరేయడం, మళ్ళీ వాడటం. ఒకసారి వాడి పారేసేది ఆ ఇంట్లో ఏదీ ఉండేది కాదు. చెత్త బండివాడు వచ్చి "ఏమత్తా, ఇవాళ కూడా మీ డబ్బాకి పస్తేనా?" అనేవాడు. "లాగేది నువ్వే కదరా, బరువు తగ్గితే ఏడుస్తావేం?" అనేది ఈవిడ.

తమాషా ఏంటంటే, ఆ మూతల్లో వీధి మొత్తం కనబడేది. అందరూ బట్టలు కుట్టించుకునేది అక్కడేగా. కూర మీద పోస్టుమాను, పెరుగు మీద హెడ్మాస్టరు, పిండి డబ్బా మీద నర్సమ్మ. చూసి నవ్వుకునేవాళ్ళం. అలా నవ్వుకున్నవాడినే, ఒకరోజు నా బుద్ధి గడ్డి తింది.

నాకప్పుడే కొత్తగా ఉద్యోగం వచ్చింది. మా బావ, అక్క మొగుడు, ప్యాంటు గుడ్డ కొనిచ్చాడు. నీలం మీద సన్నటి తెల్ల చారలు. అలాంటిది వీధిలో ఇంకెవరికీ లేదు. టైలరు గారికిచ్చా. సోమవారం పనిలో చేరాలి, శనివారం తెచ్చి తొడుక్కున్నా. చీలమండ పైకి ఉంది! మా అక్క ఒకటే నవ్వు, "వరదొస్తుందని ముందే ఎత్తి కట్టావేంట్రా?" అని. ఒళ్ళు మండిపోయింది. ప్యాంటు చంకలో పెట్టుకుని కొట్టుకి పరుగెత్తా. నలుగురైదుగురున్నారు అక్కడ. ఆయన ఎవరికో కొలత తీస్తూ "కూర్చో బాబూ" అన్నాడు. ఆవిడ లోపల్నుంచి "ఎండన పడి వచ్చావు, నీళ్ళు తాగుదువు రా" అంది. వెళ్ళా. గట్టు మీద పాలగిన్నె. దాని మీద నా చారలు!

ఇంకేముంది. మూత పీకేసి, ముందు గదిలోకొచ్చి అందరి ముందూ ఆడించా. "నా గుడ్డ కొట్టేసి పాలకి కప్పుకుంటారా? దొంగ టైలరు!" అన్నా. అనేశా తల్లీ. టైలరుని ఆ మాట అంటే ఇంకేం మిగులుతుంది? గుడ్డ ఇచ్చి వెళ్ళిపోతాం, ఎంత కత్తిరించాడో ఎవరు చూస్తారు? నమ్మకమే కదా ఆయన కొట్టు. బెంచీ మీద కూర్చున్న ఒకావిడ తన గుడ్డ మూట మెల్లిగా ఒళ్ళోకి లాక్కుంది. అది నేను చూశా. ఆయన కూడా చూశాడు. కొలత తీస్తున్న టేపు మెల్లిగా చుట్టి బల్ల మీద పెట్టేశాడు.

మూతలత్త వచ్చింది. అరవలేదు. నా చేతిలోంచి మూత తీసుకుని, బ్లేడు పెట్టి కుట్లు విప్పడం మొదలెట్టింది. టక్, టక్. అంతా ఒకటే గుడ్డ అనుకున్నా నేను, చారకి చార అలా కలిపింది మరి. విప్పుతుంటే ఒక్కో ముక్కా ఊడొస్తోంది. బల్ల మీద వరసగా పెట్టింది. పదమూడు. రెండు వేళ్ళ వెడల్పున్నది ఒక్కటీ లేదు. "నాయనా, వీటిల్లో ఏది అతికితే నీ ప్యాంటు పొడుగవుతుందో చూపించు, ఇప్పుడే కుట్టిస్తా" అంది. తర్వాత నా చంకలో ప్యాంటు లాక్కుని, కాలి అంచు తిరగేసి చూపించింది. లోపలి మడత వేరే గుడ్డ. "మీ బావ తెచ్చిందే తక్కువ. మడతకి చాలక ఈయన తన గుడ్డ వేశాడు. నీకు చెబుదామంటే, వద్దులే, ముచ్చటపడి కొనిచ్చాడు, ఆయన్ని చులకన చేసినట్టవుతుంది అన్నాడు."

బెంచీ మీదావిడ మూట మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "నా ముక్కలు మిగిలితే నాకూ ఓ మూత కుట్టివ్వు అత్తా" అంది. అలా మొదలైంది. ఆ తర్వాత ఆ కొట్లో ఎవరేం కుట్టించుకున్నా బట్టతో పాటు మూత వచ్చేది. వీధిలో ప్రతి వంటింట్లోనూ అవే.

నేనా? తలొంచుకుని నిలబడ్డా. ఆవిడ సూదీ దారం నా చేతిలో పెట్టింది. "పాలు మూత లేకుండా ఉన్నాయి. విప్పించింది నువ్వు, కుట్టేదీ నువ్వే" అంది. నవ్వుతావేం, పదమూడు ముక్కలు! మధ్యాహ్నం దాకా ఆ గుమ్మంలో కూర్చుని కుట్టా, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా. వేళ్ళన్నీ చిల్లులు. గుండ్రం కాదు, అదేదో చెవిలా వచ్చింది. ఆవిడ గిన్నె మీద వేసి లాగి, "బాగానే పట్టిందిరా" అంది. చిరిగిపోయేదాకా పాలకి అదే వాడింది. ఎవరైనా "ఇదేంటత్తా ఇలా ఉంది" అంటే "నేర్చుకునేవాళ్ళు కుట్టార్లే" అనేది తప్ప నా పేరు ఒక్కసారీ చెప్పలేదు. అలాంటి మనిషి.

టైలరు గారినే... నన్ను క్షమించమని ఆయన్ని అడగలేదమ్మా. ఆ పూటే అనాల్సింది. రేపందాం, ఎల్లుండందాం అనుకుంటూ... తర్వాత ఇరవై ఏళ్ళు నా బట్టలన్నీ ఆయనే కుట్టాడు. చిన్నప్పుడు మీ నాన్నవి కూడా. ఒక్క మాట అనలేదు ఎప్పుడూ. కాకపోతే, బట్టలిచ్చేటప్పుడు పొట్లం ఒకటి తీసి, నా ముందు విప్పి, మిగిలిన ముక్కలన్నీ బల్ల మీద పరిచేవాడు. గోరంతవి కూడా. "బాబూ, ఇవే మిగిలాయి. చూసుకో." అందరికీ కాదు. నాకొక్కడికే. ప్రతిసారీ.

ఎవరో తలుపు కొడుతున్నట్టున్నారు. చూడమ్మా.